మా పిన్ని మడమ మీద జీడి మచ్చ

మూడు వారాల కిందట ఒక సోమవారం పొద్దున మా పిన్ని పోయింది. సముద్రం ఒడ్డున మార్కండిలో, తన ఇంట్లోనే, కొడుకు ఒళ్ళో తల పెట్టుకుని పోయింది. ఫోను చేసింది ఆ కొడుకే, నాకు తమ్ముడు, మావైపు అలవాటుగా అక్కని అప్ప అంటాడు. "అప్పా, అమ్మ ఎలిపోనాది" అన్నాడు. అప్పటికి నేను బరంపురంలో మా ప్రయోగశాలలో రబ్బరు తొడుగులు వేసుకుని పనిలో ఉన్నాను. ఆ పని సగంలో వదిలేస్తే నెల రోజుల శ్రమ పాడవుతుంది కాబట్టి పూర్తి చేశాను. తర్వాత బస్సెక్కాను. దారంతా ఏడుపు రాలేదు. కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఈ రెండేళ్ళలో అంతగా అలిసిపోయాను.

ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నాకే రాయాలనిపించింది. ఆమె పేరుతో మీకు పనిలేదు. మా వీధిలో సగం మందికి పిన్ని, మిగతా సగం మందికి పెద్దమ్మ. పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు కూడా.

అమ్మకి చెల్లెలు. తెప్పలు ఒడ్డుకొచ్చే వేళకి ఇసకలో నిలబడి, చేపలు బేరమాడి, గంపలో ఐసు వేసుకుని బరంపురం బజారుకి తెచ్చి అమ్మేది. బజార్లో ఒడియా, ఇంట్లో తెలుగు, తగువొస్తే రెండూ. తూకం మీద అనుమానపడిన వాణ్ణి ఆమె తిట్టే తిట్లకి పక్క కొట్టు వాళ్ళు కూడా పని ఆపి వినేవారు. తనకేదైనా నొప్పో, జ్వరమో వస్తే మాత్రం ఒక్కటే మాట, "కిచ్చి నాయ్". ఏమీ లేదు అని. ఆ మాట అని లేచి వెళ్ళిపోయేది. మనం ఇంకో ప్రశ్న అడిగేలోపు ఆమె వీధి చివర ఉండేది.

నేను చదువుకున్నానంటే ఆమె వల్లే. ఇంటర్ అయ్యాక మా అమ్మ నన్ను ఎండుచేపల పనికి రమ్మంది. అమ్మని తప్పు పట్టను, ఇంట్లో పరిస్థితి అలాంటిది. పిన్ని మా గుమ్మంలో గంప దించి, దించిన చోటే కూర్చుని, నన్ను కాలేజీకి పంపుతానని అమ్మ ఒప్పుకునేదాకా లేవలేదు. గంపలో ఐసు కరిగి గుమ్మమంతా చేపల నీళ్ళయిపోయింది. "సదూకోనీయే. సేపలు ఎక్కడికెల్తాయి?" అంది. చివరికి అమ్మ ఆ వాసన భరించలేక ఒప్పుకుందని ఇప్పటికీ మా ఇంట్లో వేళాకోళం.

ఇక ఆమె జీడి సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఒడ్డున ఇసకలో పారేసిన జెల్ల చేపల ముళ్ళు ఉంటాయి. చెప్పుల్లేకుండా తిరిగే ఆడవాళ్ళకి అవి గుచ్చుకుంటూనే ఉంటాయి. ముల్లు విరిగి లోపల ఉండిపోతే చీము పడుతుంది. అందుకని మావాళ్ళు నల్లజీడి గింజ, అదే ఉతికే బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడేది, సూదికి గుచ్చి దీపం మీద కాలుస్తారు. నల్లటి నూనె బుసబుసమని పొంగుతుంది. దాన్ని ముల్లు దిగిన చోట చురుక్కున అంటిస్తారు. ప్రాణం జివ్వుమంటుంది. నొప్పి తగ్గుతుంది గాని అక్కడ నల్ల మచ్చ పడి నెలల తరబడి ఉంటుంది. మా వీధిలో జీడి పెట్టే మనిషి పిన్నే. చిన్నప్పుడు నేను ఆమె చేతిలో జీడి చూస్తే పెరటి గోడ దూకేసేదాన్ని. మా వీధి ఆడవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి అరికాళ్ళు చూడండి, మచ్చ లేని కాలు ఒక్కటి దొరకదు.

నా పని మెలనోమా మీద. అది చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. మన ఒంట్లో కణాలకి 'పెరుగు' అనే కబురు మోసే ప్రొటీన్లు ఉంటాయి, కైనేజులంటారు. కబురు అందుతుంది, పని అవుతుంది, ఆగుతుంది. మెలనోమాలో చాలాసార్లు వాటిలో ఒకటి చెడిపోయి, ఎవరూ చెప్పకుండానే 'పెరుగు, పెరుగు' అని అరుస్తూనే ఉంటుంది. దానికి శక్తి అందే చిన్న సందొకటి ఉంది. ఆ సందులో ఇరుక్కుని దాని నోరు మూయించే పదార్థాలు తయారుచేయడం, వాటిని ప్లేట్లలో పెంచిన క్యాన్సర్ కణాల మీద వేసి చూడడం, ఇదీ ఆరేళ్ళుగా నేను చేస్తున్నది. వందకి పైగా తయారుచేశాను. తెల్లపొడి, లేత పసుపు పొడి, ఒకటి రెండు నారింజ రంగువి. చాలావరకు ఏమీ చేయలేదు. కొన్ని క్యాన్సర్ కణాలతో పాటు మంచి కణాలనీ చంపేశాయి. రెండు మాత్రం కాస్త ఆశ పెట్టాయి. ఆ రెంటితోనే నా థీసిస్.

ఇదంతా పిన్నికి ఒకసారి చెప్పాను. ఉల్లిపాయలు తరుగుతూ వింది. "ఓస్, అంతేనా. మోటారు ఆగకపోతే ఆయిలు పైపు నొక్కీసినట్టు" అంది. నా థీసిస్ మొదటి ఇరవై పేజీల్లో నేను చెప్పలేకపోయింది అదే. మర్నాటికల్లా, మా గుంట, అంటే మా పిల్ల, పుట్టుమచ్చలకి మందు కడతందని వీధంతా చెప్పేసింది. నేను ఎప్పుడు ఊరెళ్ళినా ఆడవాళ్ళు మెడలూ భుజాలూ చూపించడానికి వచ్చేవాళ్ళు. అరికాలు ఎవరూ చూపించలేదు. నేనూ అడగలేదు.

చేపలమ్మాక ఒక్కోసారి ప్రయోగశాలకి వచ్చేది. గేటు దగ్గరే చేతులు కడుక్కుని, మెట్ల పక్కన కూర్చునేది. నాకోసం ఒక పొట్లం ఉండేది, వేయించిన కవళ్ళ చేపలో, రొయ్యపొట్టు పచ్చడో. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. నిజం చెప్పాలంటే నేను గట్టిగా రమ్మనలేదు కూడా. ఆమె చీర వాసనకి తోటివాళ్ళు ముక్కు చిట్లిస్తారేమోనని నా భయం. ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ చిన్నతనం నాదే. ఒకరోజు నాకు గైడైన మా మేడమ్ మెట్లు దిగుతూ ఆమెని చూసింది. తర్వాత నన్ను పిలిచి, మీ పిన్ని కుడికాలు కుంటుతోందేం అని అడిగింది. జెల్ల ముల్లు దిగింది మేడమ్, మావాళ్ళకి మామూలే అన్నాను. తెలిసినదాన్నన్న ధీమాతో అన్నాను.

ఆ దసరాకి ఇంటికెళ్ళినప్పుడు పిన్ని తన కాలు నా ఒళ్ళో పెట్టింది. అప్పటికి కంటిచూపు తగ్గి, తనకి తాను జీడి పెట్టుకోలేకపోయేది. కుడి మడమ మీద, లోపలి వైపు, బొటనవేలి గోరంత నలుపు. అంతకుముందెప్పుడో పెట్టుకున్న జీడి మచ్చే అనుకున్నాను. ముల్లు ఇంకా లోపలే ఉంది, నొప్పి తెలుస్తోంది, మళ్ళీ పెట్టమంది. గింజ కాల్చాను. నలుపు మీద నలుపు అంటించాను. ఆమె పళ్ళు బిగించి, నీ సెయ్యి గట్టిదే అని మెచ్చుకుంది. నేను మురిసిపోయాను.

సరిగ్గా ఆ వారమే నా థీసిస్ మొదటి అధ్యాయం రాస్తున్నాను. మన దేశం వాళ్ళలో మెలనోమా ఎండ తగిలే చోట కన్నా అరికాళ్ళలో, అరచేతుల్లో, గోళ్ళ కింద ఎక్కువగా వస్తుందని అందులో ఒక వాక్యం ఉంది. నేనే రాశాను. పక్కన అరికాలి బొమ్మ కూడా పెట్టాను. ఊళ్ళో, మంచం మీద, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆ బొమ్మని సరిచేసుకుంటున్నప్పుడు పిన్ని పక్కనే కూర్చుని మడమ మీది జీడి నూనె తుడుచుకుంటోంది.

మరుసటేడు వానాకాలానికి ఆ మచ్చ పుండయింది. నెత్తురు కారేది. సుగరేమోనని పరీక్ష చేయించారు, సుగరు లేదు. ఇంట్లో వాళ్ళు పసుపు కట్టారు. తమ్ముడు ఫోను చేసి చెబితే బరంపురం ఆసుపత్రికి తీసుకురమ్మన్నాను, నేనూ వెళ్ళాను. డాక్టరు దూది తడిపి పసుపంతా తుడిచాడు. అడుగున ఉన్న మచ్చ బయటపడింది. అంచులు వంకర్లు తిరిగి, ఒకచోట నలుపు, ఒకచోట గోధుమ రంగు, ఒకచోట నీలం. డాక్టరు నోరు తెరవక ముందే నాకు తెలిసిపోయింది. ఆ బొమ్మ నా థీసిస్‌లో ఉంది. నేను బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. లోపల పిన్ని, కిచ్చి నాయ్, కిచ్చి నాయ్ అని డాక్టరుకే ధైర్యం చెబుతోంది.

మడమ మీది మచ్చని చుట్టూ కండతో సహా కోసేశారు. తొడ మీంచి చర్మం తీసి అక్కడ వేశారు. గడ్డని పరీక్షకి పంపితే, ఇప్పుడు దొరికే మందులు ఏ చెడిన కైనేజుని పట్టుకుంటాయో అది ఆమెలో చెడలేదని తేలింది. నా రెండు పదార్థాలూ దాని కోసం చేసినవే. అవి పనిచేసిన కణాలన్నీ బయటి దేశాల నుంచి సీసాల్లో వచ్చినవి, తెల్లతోలు వాళ్ళవి, ఎండకి కమిలిన వీపుల మీద పుట్టినవి. ఎక్కడివాళ్ళ జబ్బుకో మందు వెతుకుతూ, మా ఇంట్లో కాలు చూసుకోలేదు నేను.

కటక్‌లో క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు చేయగలిగింది వాళ్ళు చేశారు. కొన్ని నెలలు బాగానే ఉంది. కర్ర పట్టుకుని ఒడ్డు దాకా వెళ్ళి, బేరం వేరేవాళ్ళు చేస్తుంటే తప్పులు పట్టేది. తర్వాత గజ్జల్లో బిళ్ళలు లేచాయి, జబ్బు పాకిందన్నారు. అప్పుడు నన్ను దగ్గరికి పిలిచి కూర్చోమంది.

"ఒలే గుంటా, నీ మందు నాకెయ్యే" అంది.

అది మందు కాదని చెప్పాను. పొడి అన్నాను. ప్లేట్లో కణాల మీదే వేశాం, ఇంకా ఎలక్కి కూడా వెయ్యలేదు, మనిషికి వేస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, పైగా నీ గడ్డకి అది పనికిరాదు అని విడమరిచి చెప్పాను. అన్నీ వింది.

"అయితే ఆరేళ్ళుగా ఏటి సేస్తన్నావే?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. తెలుసుకుందామని అడిగింది. ఒక మందు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో, ఎన్ని మధ్యలో చచ్చిపోతాయో సభల్లో బొమ్మలు వేసి మరీ చెప్పే నేను, ఆ మంచం పక్కన నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. అప్పుడే, ఆ ఆసుపత్రి వరండాలో నిలబడ్డప్పటి నుంచీ దాచుకున్నది బయటికొచ్చేసింది. ఆ మచ్చ నేను చూశాను పిన్నీ, నా చేత్తోనే జీడి పెట్టాను, నాకు తెలిసుండాలి, ఆ రోజే తీసుకొచ్చి ఉంటే బతికేదానివి అని చెప్పాను. ముక్కు చీదుకుంటూ చెప్పాను.

పిన్నికి కోపం వచ్చింది. తోటకూర కాడలా వాలిపోయిన మనిషి మోచేతి మీద లేచి కూర్చుంది.

"నా మడం నాది. జీడి పెట్టమన్నది నాను. ఊరందరి కాళ్ళూ సూసినదాన్ని, నా కాలు నాను సూసుకోలేదు. ఆ తప్పు గూడా నువ్వే అట్టుకుపోతావేటి? నాకేటీ ఉంచవా?"

అని మళ్ళీ పడుకుంది. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తనివ్వలేదు. క్షమించిందని నేననుకోను. క్షమించడానికి తప్పు నా చేతికి ఇవ్వనే లేదు ఆమె. అందువల్ల నా బరువేమీ తగ్గలేదు. కానీ ఆమె ఉన్నంతకాలం ఆ బరువు నా ఒక్కదానిదే కాదన్నట్టు మాత్రం ఉండేది.

గజ్జల్లో బిళ్ళలు తీయడానికి రెండో ఆపరేషను పెట్టినప్పుడు మా మేడమ్ వచ్చింది. తీసిన గడ్డలో కొంచెం పరిశోధనకి ఇస్తారా అని అడగాలి. అయినవాళ్ళు అడగకూడదని నియమం, మొహమాటపెట్టినట్టు అవుతుందని. అందుకే నన్ను పక్కన నిలబెట్టి మేడమ్ ఒడియాలో అడిగింది. మీలాంటి జబ్బు మీద ఇక్కడ ఎవరూ సరిగ్గా పనిచేయలేదు, చేయడానికి మావద్ద అలాంటి కణాలు లేవు, దీనివల్ల మీకు ఒరిగేదేమీ ఉండదు అని ఉన్నదున్నట్టు చెప్పింది. ఇష్టం లేకపోతే వద్దనండి, వైద్యం మాత్రం అలాగే జరుగుతుంది అంది. పిన్ని నావైపు తిరిగి తెలుగులో, పులుసులోకి కాదుగదా, అట్టుకుపోమను అంది. మేడమ్‌కి అర్థం కాలేదు. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, నేను తర్జుమా చేయలేకపోయాను. పిన్ని కలం అడిగి, మూడో తరగతి దాకా ఒడియా బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో మెల్లగా సంతకం పెట్టింది. పెట్టి, వంకరొచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను.

చివరి నెల జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకింది. నేను శనివారాలు వెళ్ళి ఆదివారం సాయంత్రం వచ్చేసేదాన్ని. పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. ఒళ్ళు తుడిచేదాన్ని, గంజి పట్టేదాన్ని. ఒడ్డున ఏ చేప పడింది, వేలంలో ఎంతకి పాడారు అని తమ్ముణ్ణి అడిగేది. ఒకరోజు మాత్రం వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిపించి, వరసగా కూర్చోబెట్టి, నన్ను వాళ్ళ అరికాళ్ళు చూడమంది. సిగ్గుపడి చీర కిందికి కాళ్ళు ముడుచుకున్న వాళ్ళని మంచం మీంచే కసిరింది. నేను నేల మీద కూర్చుని ఒక్కొక్క కాలూ ఒళ్ళోకి తీసుకుని, సబ్బునీళ్ళతో కడిగి, సెల్‌ఫోను లైటు వేసి చూశాను. అన్నీ జీడి మచ్చలే. ఒక్క కాలు దగ్గర అనుమానమొస్తే బరంపురం పంపించాను, అదీ జీడే అని తేలింది. ఆ కబురు చెబితే పిన్ని తల ఊపింది. ఆరేళ్ళలో నేను చేసిన పనుల్లో అదొక్కటే ఆమెకి పనిలా కనిపించిందని నా నమ్మకం.

ఆమె ఇచ్చిన గడ్డని సన్నగా తరిగి ప్లేట్లలో పెట్టాను. చాలావరకు నాలుగు రోజుల్లోనే పోయాయి. ఒక్క ప్లేట్లో మాత్రం నిలదొక్కుకున్నాయి. నెలల తరబడి మెల్లగా పెరిగాయి. వాటికి రోజు విడిచి రోజు పాత ద్రవం తీసి కొత్తది పొయ్యాలి. ప్లేటు మీద పేరు రాయకూడదు, ఒక అంకె రాయాలి, అంతే రాశాను. పరీక్షకి చాలినన్ని అయ్యేసరికి పెద్దకర్మ అయిపోయింది. ఇంకా కొన్నాళ్ళు ఆగుదామా అంది మేడమ్, నా మొహం చూసి. ఇలాంటి కణాలు ఎక్కువ కాలం ఉంచితే స్వభావం మారిపోతాయి, ఆగితే లాభం లేదని నేనే అన్నాను. నా రెండు పదార్థాలూ, ఇలాంటి గడ్డకి పనికొస్తాయేమోనని వాటిని మార్చి చేసిన ఇంకో పదీ తీసి, గడులున్న ప్లేటులో ఒక్కో గడికి ఒక్కోటి కొలిచి వేశాను. జీడి పెట్టిన ఆ చేత్తో వేయడం తేలికేం కాదు. ఏం చేస్తున్నానో నాకు తెలుసు. చంపడానికే వేశాను.

మూడు రోజులాగి, నిన్న పొద్దున ప్లేటు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. మందు పనిచేస్తే కణాలు ముడుచుకుని, గుండ్రంగా అయి, అడుగు వదిలేసి తేలుతాయి. మొదటి గడి చూశాను. రెండోది చూశాను. పన్నెండూ చూశాను. ఒక్కటీ తేలలేదు. అన్నీ అడుగుని అంటిపెట్టుకుని, చేతులు చాపుకుని, నల్లటి చుక్కలు లోపల పెట్టుకుని హాయిగా ఉన్నాయి.

నాకు సంతోషం వేసింది. అబద్ధం చెప్పను, పిన్ని ఇంకా ఉంది అనిపించి ఒక్క క్షణం ఒళ్ళంతా వెచ్చబడింది. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఆమెని తిన్నవి ఇవే. పుస్తకం తీసి, పన్నెండు పదార్థాల ఎదురుగానూ పనిచేయలేదు అని రాశాను. తర్వాత లేచి, చల్లగా పోస్తే ఓర్చుకోలేవని కొత్త ద్రవాన్ని గోరువెచ్చగా చేసి, మందు వెయ్యకుండా అట్టేపెట్టిన ఆమె కణాల ప్లేటులోకి అంచు వెంబడి మెల్లగా, చుక్కలు చుక్కలుగా పోశాను.